పద్నాలుగు రోజుల ట్రయల్

పగలంతా కోఠిలో, చెవి ఆసుపత్రి రెండో అంతస్తులో
గాజుగది బయట కూర్చుని మీటలు నొక్కుతాను.
ఐదువందలు, వెయ్యి, రెండువేలు, నాలుగువేలు.
వినబడితే వేలెత్తమంటాను.
ఉప్పెయ్యని గంజి లాంటి సైన్ వేవ్.
నాకు జీతమిచ్చే శబ్దం అదొక్కటే.

రాత్రి వారాసిగూడ.
మూడో అంతస్తు మీద రేకుల గది.
వేడికి లాప్‌టాప్ కింద రెండు స్టీలు గిన్నెలు బోర్లించి
సింథసైజర్ ఎంచుకుంటున్నాను.
తెర మీద ఉండేది, తూకం లేనిది,
ధర మాత్రం ఉన్నది.

మొదటిదానికి విమానం నడిపేవాడి ముందుండేటన్ని గుండీలు.
మూడువేల ప్రీసెట్లు:
నీలి మంచునది, అంతరిక్ష ప్రార్థన, గాజు దేవదూత...
పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు వరసగా విన్నాను.
పదిహేడో దేవదూత దగ్గర అన్నం మాడింది.

రెండోది నిమిషానికోసారి బుస్సుమంటుంది,
కిరాణా సేటు ఖాతా పుస్తకం తెరిచి దగ్గినట్టు.
మూడోది అన్నీ ఇస్తుంది, దాచుకోనివ్వదు.
మూసేస్తే చేసిందంతా పోతుంది.
నాలుగోది ఉచితం.
బూడిద రంగు, పాత కరెంటు మీటరు మొహం.
దాన్ని చివరికి నెట్టేశాను.

ఫంక్షన్లలో ప్యాడ్ వాయించే అయాజ్ అన్నాడు:
"ఎందుకు పరేషాన్ అక్కా, క్రాక్ తెచ్చిస్త.
బేస్ లావుగ ఉండాలె, అంతే."
లావు బేస్ నాకు దేనికో చెప్పలేకపోయాను.

తొమ్మిదో రోజున ఎల్లేశం వచ్చాడు.
బాలానగర్‌లో ముప్ఫై ఏళ్ళు లేత్ మిషను.
నాలుగువేల దగ్గర, బాగా పెంచితే గానీ వేలు లేవలేదు.
మీట ఆపేశాక, లేచిన వేలు దిగలేదు.
"ఇప్పుడేం రావట్లేదు కదా?"
"నీకు రాదు బిడ్డా. నాకు బందయితలేదు.
పన్నెండేండ్లాయె. ఇంట్ల చెప్తే నమ్మరు."

ఎట్లుంటదని అడిగాను. ఫారంలో ఆ గడి లేదు.
"ఈల తీర్గ. ఈలల ఇసుక కలిస్తే.
స్టీలు మీద స్టీలు జారుతది సూడు, అగో, అది.
జర వణుకుతది గూడ."

ఆ రాత్రి దేవదూతలందరినీ పంపేశాను.
మూడోదాంట్లో మొదలుపెట్టాను.
ఒక సైన్, పక్కన వెంట్రుకవాసి ఎడంగా ఇంకో సైన్,
రెంటి మధ్యా పుట్టిన వణుకు.
పైన తెల్లని రొద, సన్నని జల్లెడలో జల్లించి.
రెండింటికి దొరికింది.
దొరికిందనుకునే లోపు కరెంటు పోయింది.
బ్యాటరీ ఎప్పుడో చచ్చిన లాప్‌టాప్,
దాచుకోనివ్వని సింథ్.

ఇక మిగిలింది బూడిద మొహం.
అందులో నాలుగు రాత్రులు వెతికాను,
సీతాఫల్‌మండి స్టేషన్లో తొలి రైలు కూసేదాకా.

పద్నాలుగో రోజు అతనితో బాలమణి కూడా వచ్చింది.
హెడ్‌ఫోన్ అతనికి పెట్టి గుండీ తిప్పాను.
"ఇంకింత మీదికి. ఇంక జర.
ఆఁ. ఇగ ఆడనే ఆపు."
తనే తీసి ఆమె చెవులకు పెట్టాడు,
జడ పక్కకి జరిపి, మెల్లగా.
ఆమె విన్నది. కాసేపు తాళింది.
తర్వాత లాగేసింది.
"గింత సప్పుడా?
గింత సప్పుడుల నువ్వు పండుకుంటున్నవా?"
అతను నవ్వాడో ఏమో.
అద్దంలోంచి నాకు వీపే కనిపించింది.

రాత్రి తెర మీద మూడు నోటీసులు: గడువు ముగిసింది.
కొనండి, అని మీట మెరుస్తోంది.
నా పాట ఒక్క ఆవర్తం కూడా మొదలవలేదు.
బూడిదది తెరిస్తే, శబ్దానికి పేరు పెట్టమంది.
బాలమణి అని కొట్టాను.
చెరిపి, లేత్ ఒకటి అని కొట్టాను.
కింద ఒక బేస్ పెట్టి చూశాను.
లావుగానే ఉంది.
అయాజ్‌కి పంపాలి.